తంగేడు పూల కషాయం తాగితే షుగరు గోళీలు మానవచ్చా?

ప్రశ్న: మా అత్తమ్మకు 62 ఏండ్లు. షుగరుకు పొద్దున, మాపున గోళీలు వేసుకుంటది. బతుకమ్మకు తెచ్చిన తంగేడు పువ్వు మిగిలితే ఎండబెట్టినం. ఆ కషాయం తాగి గోళీలు బందు పెడతనంటున్నది. ఎట్ల కాచాలె, ఎంత తాగాలె?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: గోళీలు మాత్రం బందు పెట్టనివ్వకండి. తంగేడు పువ్వును మధుమేహానికి వాడడం ఆయుర్వేదంలోనూ, సిద్ధవైద్యంలోనూ ఉన్నదే. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో పూలరసం రక్తంలో చక్కెరను తగ్గించింది కూడా. అంతమాత్రాన అది గోళీకి బదులు కాదు. రెండూ కలిస్తే మరో చిక్కుంది. గ్లిమెపిరైడ్ రకం గోళీలో, ఇన్సులినో వాడేవాళ్లకు చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కండ్లు తిరగడం కనబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగించండి. మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలె.

మీరు ఎండబెట్టిన పువ్వు తాగడానికి పనికిరాదు. గునుగుకు అద్దిన రంగు అదే గంపలోని తంగేడుకు అంటుకుంటుంది. పైగా బతుకమ్మ నాటికి పత్తిచేన్లకు మందు కొడుతుంటరు, గట్టు మీది తంగేడు మీద ఆ తుంపర పడుతుంది. చేన్లకూ రోడ్డుకూ దూరంగా ఉన్న గుట్టల దిక్కు నుంచి, పొద్దున్నే, ఆ రోజు విచ్చిన పూలు తేవాలె. దులిపి, కడిగి, నూలుబట్ట మీద పలుచగ పరచి నీడన ఆరబెట్టండి. మందంగ పోస్తే అడుగున తడి నిలిచి నల్లబడి బూజు పడుతుంది, అట్లాంటిది పారేయండి. చేత నలిపితే పొడి కావాలె. అప్పుడే సీసాకు ఎత్తాలె.

ఒక చెంచా ఎండుపువ్వు, గ్లాసు (200 మి.లీ.) నీళ్లు, సన్నమంట మీద సగమయ్యేదాకా. స్టీలు గిన్నెలోనే కాచండి. పువ్వులోని వగరు ఇనుముతో కలిస్తే కషాయం నల్లగ మారుతుంది. రోజుకు ఒక్కసారి చాలు. రక్తహీనతకు ఐరన్ గోళీలు వేసుకుంటుంటే రెంటి నడుమ రెండు గంటల ఎడం ఉంచాలె, లేకుంటే ఆ వగరే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మలబద్ధకమైతే మానేయండి. ఫిట్స్ మందు కార్బమజెపైన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి పోవద్దు.

మన నల్లగొండ జిల్లాకు ప్రత్యేకంగా ఒక మాట. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడు ఉంటుంది. మరిగిస్తే అది పోదు; నీళ్లు సగమైతే మిగిలినదాంట్లో రెండింతల చిక్కన అవుతుంది. కషాయానికి నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే వాడండి.

ప్రశ్న: మా చెలక దగ్గర పసుపు పూల చెట్లు రెండు మూడు రకాలున్నయి. తంగేడును ఎట్ల గుర్తుపట్టాలె?
– ఒక రైతు, అచ్చంపేట

జవాబు: ఆకుకాడ మొదట్ల చూడండి. తంగేడుకు అక్కడ చెవి ఆకారంలో చిన్న ఆకు అతుక్కొని ఉంటుంది. వేరే ఏ గుర్తూ ఇంత నమ్మకమైనది కాదు. ఒక్కో ఈనెకు 8 నుంచి 12 జతల చిన్నాకులుంటాయి, కొస గుండ్రం. కాయ కాగితమంత పలుచగ, చదునుగ ఉంటుంది. పోలిక వల్ల పొరపడేది కసిందతో. దానికి ఆకులు నాలుగైదు జతలే, కొస మొనదేలి, నలిపితే కంపు కొడుతుంది. కసింద గింజలు తిన్న చిన్నపిల్లలకు కాలేయం, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఇంటి చుట్టూ మొలిస్తే కాయ పట్టకముందే పీకేయండి. పేరులో తంగేడు ఉన్నా నేలతంగేడు కూడ వేరే మొక్కే. దాని ఆకు విరేచనాలకు వాడేది.

ప్రశ్న: కాలు మడమ బెణికింది. తంగేడాకు కట్టొచ్చా?
– కల్వకుర్తి నుంచి

జవాబు: లేత ఆకు నూరి, పలుచగ పట్టించి, వదులుగ కట్టొచ్చు. గాయముంటే వద్దు. నాలుగడుగులు కూడ వేయలేకపోతే ఎముక విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించండి. విరిగినచోట ఆకు వేసి బద్దలతో బిగించి కడితే రక్తం ఆడక వేళ్లు నల్లబడతాయి. కట్టిన తరువాత వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే విప్పేయాలె.