లైసెన్స్ ఓక్లహోమాది, గ్రీన్‌కార్డ్ ఫెడరల్‌ది

ప్రశ్న: నమస్తే మేడం, మాది ఖమ్మం, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం, ఇద్దరికీ గ్రీన్‌కార్డ్ వచ్చి మూడేళ్లయింది. మావారి ఫ్రెండ్, ఆయన సిటిజన్, ఓక్లహోమాలో నడుస్తున్న మెడికల్ గంజాయి డిస్పెన్సరీ కొంటున్నారు, మమ్మల్ని 25 శాతం వాటా పెట్టమంటున్నారు. అక్కడ లీగలే కదా, రూల్స్ ఏంటి, పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడైతే అస్సలు పెట్టొద్దు. ఓక్లహోమా రూల్స్ వరకు ఇబ్బంది లేదు, 2018 జూన్‌లో జనం ఓటేసి తెచ్చుకున్న చట్టం అది, ఓనర్‌షిప్‌లో 75 శాతం ఆ రాష్ట్రం వాళ్లదే ఉండాలి (మీకు 25 అన్నది అందుకే), స్కూలుకి 1000 అడుగుల లోపు షాపు ఉండకూడదు. కొత్త లైసెన్స్‌లు 2022 ఆగస్టులో ఆపేసి ఆ గడువు 2026 ఆగస్టు 1 దాకా పెంచారు, అందుకే మీ ఫ్రెండ్ ఉన్న షాపు కొంటున్నట్టున్నారు.

నా భయమంతా మీ గ్రీన్‌కార్డ్ గురించే. ఫెడరల్ చట్టంలో, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టంలో, గంజాయి ఇప్పటికీ కంట్రోల్డ్ సబ్‌స్టెన్సే (ప్రభుత్వ నియంత్రణలో ఉన్న మత్తుపదార్థమే), ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది ఆ చట్టాన్నే. రాష్ట్రంలో లీగల్ అయినా సరే ఈ వ్యాపారంలో ఉంటే సిటిజన్‌షిప్‌కి కావాల్సిన మంచి నడవడిక లేనట్టే లెక్కేయొచ్చని 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ (గ్రీన్‌కార్డ్, సిటిజన్‌షిప్ అప్లికేషన్లు చూసే ఫెడరల్ సంస్థ) రాతపూర్వకంగానే చెప్పింది. రేపు సిటిజన్‌షిప్ కోసం మీరు నింపబోయే ఎన్-400 ఫారం ఒకసారి తెరిచి చూడండి, కంట్రోల్డ్ సబ్‌స్టెన్సులు పండించారా, పంచారా, అమ్మారా అని అడుగుతారు, అవునంటే అప్లికేషన్ పోతుంది, కాదంటే అబద్ధమాడినట్టు, అది ఇంకా పెద్ద తప్పు.

వాటా మావారి పేరు మీదే కదా అనుకోకండి. డ్రగ్ వ్యాపారం చేస్తున్నారని నమ్మడానికి కారణముంటే చాలు, కేసూ శిక్షా లేకపోయినా అమెరికాలోకి రానివ్వకపోవచ్చు, తెలిసీ ఆ డబ్బు అనుభవించిన భార్యకీ పిల్లలకీ ఆ రూలు అయిదేళ్ల పాటు తగులుతుంది. అమ్మానాన్నల్ని చూసి తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఆపితే ఎవరికి చెప్పుకుంటారు?

సిటిజన్‌షిప్ వచ్చాక అప్పుడు ఆలోచించండి. ఇప్పటికే అడ్వాన్స్ ఏమైనా పంపి ఉంటే మాత్రం షాపు కాగితాలు చూసే లాయర్ని కాదు, ఇమిగ్రేషన్ లాయర్ని కలవండి, అదీ ఇండియా టికెట్ బుక్ చేసుకోకముందే.