దండగ బొమ్మ కేకు కాదు, థర్మాకోల్ కేకు

పెళ్లి రిసెప్షన్‌కు బొమ్మలా చెక్కిన కేకు చేయించడం డబ్బు దండగ కాదా, బేకరీ ధరకు మూడు నాలుగింతలు ఎందుకు అడుగుతారు అని మీ ప్రశ్న. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనక గదిలో చాలా కాలంగా ఇదే పని చేస్తున్నాను. దండగ కాదు. దండగైనది వేరే ఉంది, దాని దగ్గరికి కూడా వస్తాను.

ముందు కిలో లెక్క పక్కన పెట్టండి. బంగారం కొనేటప్పుడు తులం రేటు వేరు, మజూరి వేరు అని ఎవరికీ చెప్పనక్కర్లేదు. కేకు దగ్గరికి వచ్చేసరికి మజూరి మాట ఎత్తగానే మొహాలు మారిపోతాయి. "గింత రేటా అమ్మా? బేకరీల కిలో ఐదారు వందలకు ఇస్తున్నరు గదా" అని పెళ్లికూతురి నాన్న అడగని ఆర్డర్ నాకు గుర్తులేదు. బేకరీవాళ్లు ఇచ్చేది గుండ్రటి స్పంజి, పైన క్రీము. అది ఓ పూట పని కూడా కాదు. చెక్కిన కేకులో మైదా, పంచదార, చాక్లెట్ ఖర్చు చిన్నది. పెద్ద ఖర్చు చేతిది, నిద్రది.

ఒక ఆర్డర్ గురించి వివరంగా చెప్తాను. అమ్మాయిది మా ఊరు, అబ్బాయిది వనపర్తి. రిసెప్షన్ అబ్బాయి వాళ్ల ఊళ్లో, మే నెలలో. అమ్మాయి వచ్చి ఫోన్‌లో ఏ ఫోటో చూపించలేదు. "అక్కా, నాకు పిల్లలమర్రి కావాలె" అన్నది. నాకు అప్పుడే సగం అలసట పోయింది. అందరూ తెచ్చేది ఎక్కడో మంచు దేశంలో చేసిన తెల్ల కోట ఫోటో. ఈ పిల్ల మాత్రం చిన్నప్పుడు ఆదివారాలు వాళ్ల నాన్న స్కూటర్ మీద తీసుకెళ్లిన చెట్టును అడిగింది.

పిల్లలమర్రి చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మహబూబ్‌నగర్ పక్కనే మూడెకరాలకు పైగా పరుచుకున్న మర్రి అది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకుంటారు. చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడితే సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలు కట్టి, చెదల మందును చుక్కలు చుక్కలుగా మానులోకి ఎక్కించారు. వాలిపోతున్న కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. ఊడలు సరిగ్గా నేలకు దిగేలా పైపులు అమర్చారు. ఆ చెట్టు నిలబడ్డదంతా ఊడల మీదే. నా కేకు కూడా అట్లనే నిలబెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

అడుగున మందపాటి ప్లైవుడ్ పలక. దాని మధ్యలో మా వీధి చివరి వడ్లాయన రంధ్రం పెట్టి, మరలున్న ఇనుప రాడ్డు నిలిపి, పైనా కిందా నట్లు బిగించి ఇచ్చాడు. "కేకుకు ఇనుపరాడ్డు ఎందుకమ్మా" అని నవ్వాడు గానీ, పని మాత్రం మట్టం పట్టి మరీ చేశాడు. రాడ్డు కేకుకు తగలకుండా పైన ఆహారానికి వాడే గొట్టం తొడిగాను. పక్కకు చాచిన కొమ్మలు కేకుతో చేస్తే నిలబడవు, బరువుకు జారిపోతాయి. వాటికి ముర్మురాలు. మనం బెల్లం పాకంలో వేసి లడ్డూలు కట్టే ముర్మురాలే. పాకానికి బదులు కరిగించిన మార్ష్‌మాలోతో కలిపి, వేడి మీదనే తీగల చుట్టూ గట్టిగా అదిమితే చల్లారాక చెక్కలా బిగుసుకుంటుంది, తినడానికీ బాగుంటుంది. దాని మీద చాక్లెట్ ముద్ద. కరిగించిన చాక్లెట్‌లో లిక్విడ్ గ్లూకోజ్ కలిపి ఒక రాత్రి వదిలేస్తే మైనంలా చేతికి లొంగుతుంది. బెరడు గీతలు రావడానికి నలిపిన అల్యూమినియం రేకుతో అద్దాను. ఊడలు కొన్ని చూపుకే, కొన్ని మాత్రం లోపల వెదురు పుల్లలున్న నిజమైన ఆసరాలు. ఏవి చూపువో ఏవి మోసేవో బయటివాళ్లకు తెలియకూడదు. ఆ పనితనానికే నేను డబ్బులు అడిగేది.

మాను మొత్తం నిజమైన కేకు. అబ్బాయి ఇంట్లో గుడ్డు ముట్టరు, కాబట్టి కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసిన ఎగ్‌లెస్. గుడ్డు లేని కేకు చెక్కేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది. అందుకని కాస్త గట్టిగా, బరువుగా చేసి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, బ్రెడ్డు కోసే పళ్ల కత్తితో చెక్కాను. ఆ పైన గనాష్, అంటే క్రీములో కరిగించిన చాక్లెట్ పూత. చలికాలంలో ఒక వంతు క్రీముకు రెండు వంతుల చాక్లెట్ చాలు. మన మే నెలకు మూడు వంతులు పడాల్సిందే. అసలు చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, పాలమూరులో మే నెలలో ఎండ 40 దాటడం మామూలు. ఫాండెంట్‌తో ఇంకో తంటా. అది పంచదార ముద్ద. ఫ్రిజ్‌లోంచి తీసి ఉక్కలో పెడితే గాలిలోని తేమంతా దాని మీద చేరి జిగటగా మెరుస్తుంది, ముదురు రంగులు కారతాయి. అందుకే చెట్టుకు ఫాండెంట్ వద్దనుకున్నాను, ఆకులకు మాత్రం కాస్త వాడాను.

మానును వేరుగా, కొమ్మలను వేరుగా కారులో తీసుకుపోయాం. సీట్లు మడిచి, కింద జారని మ్యాటు వేసి, ఏసీ పెట్టుకుని. హైవే మీద కొత్తకోట దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కడ వనపర్తి వైపు తిరిగాక ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నా గుండె ఆగింది. స్పీడ్ బ్రేకర్ ముందు ఒక తెల్ల గీత వేయడానికి ఏం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హాల్‌కు చేరితే ఏసీ లేదు. "గెస్టులు వచ్చినంకనే ఏస్తం మేడం" అన్నాడు మేనేజర్. కేకు టేబుల్ సరిగ్గా వీడియోవాళ్ల ఫోకస్ లైటు కింద పెట్టారు. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి అమ్మాయి మేనమామ వచ్చి "ఆ కేకు కరిగితే నీ బిల్లుల నుంచి పట్టుకుంట" అన్నాక ఏసీ నడిచింది. లైటు నేనే పక్కకు జరిపాను. కొమ్మలు అమర్చి, అతుకుల్లో కరిగించిన చాక్లెట్ పూసి, కోల్డ్ స్ప్రేతో గట్టిపరిచాను. మొదటి బంధువు లోపలికి వచ్చేసరికి చెట్టు నిలబడింది.

కేకు కోసే వేళకు ఫోటోగ్రాఫర్ ఆ చెట్టులో నాలుగు స్పార్క్ల్ క్యాండిళ్లు గుచ్చబోయాడు. ఇంకో కుర్రాడు స్నో స్ప్రే డబ్బా ఊపుతున్నాడు. టేబుల్‌కు అడ్డం నిలబడ్డాను. చాలా స్నో స్ప్రేలలో నురుగును బయటికి తోసేది మండే గ్యాసే. పక్కన నిప్పురవ్వ ఉంటే పెళ్లికూతురి జుట్టు అంటుకుంటుంది. అంత ప్రమాదం జరగకపోయినా, ఆ నురుగు పడ్డ కేకు తినడానికి పనికిరాదు. వందమంది తినాల్సిన దాని మీద రసాయనం చల్లి వీడియో తీసుకునే అలవాటు మన ఫంక్షన్‌లకు ఎక్కడి నుంచి పట్టిందో గానీ వెంటనే పోవాలి. మెరిసే పొడులదీ అంతే. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే తినొచ్చని కాదు, తినే పొడి అయితే దాంట్లో ఏం కలిపారో రాసి ఉంటుంది.

ఇక ఇద్దరూ కత్తి పట్టుకున్నారు. అప్పుడు అమ్మాయి వాళ్ల అవ్వ కుర్చీలోంచి లేచి వచ్చింది. "మర్రిచెట్టుకు కత్తి పెడ్తరా బిడ్డా? లగ్గం నాడు చెట్టు నరుకొద్దు" అన్నది. అమ్మాయి "అవ్వా, ఇది కేకే" అంటే, "కేకైతేంది, మర్రి మర్రే" అని చెయ్యి పట్టుకుంది. హాలంతా ఒక్కసారి చూసింది. నేను చెట్టు చుట్టూ నేల కూడా కేకుతోనే చేశాను, మట్టి రంగు చాక్లెట్ పొడి చల్లి. అక్కడ కోయమన్నాను. అవ్వ ఒప్పుకుంది. మొదటి ముక్క ఆమెకే పెట్టారు. మానును తర్వాత నేను వంటశాలలోకి తీసుకుపోయి, రాడ్డు విప్పి ముక్కలు చేసి పంపించాను. ఊడల కోసం పిల్లలు కొట్టుకున్నారు. మనిషికి 50 గ్రాముల లెక్కన 8 కిలోల కేకు 160 మందికి వస్తుంది, అక్కడ ఒక్క ముక్క మిగల్లేదు.

ఇప్పుడు అసలు దండగ సంగతి. ఐదంతస్తుల కేకు అని స్టేజీ మీద పెడతారు, అందులో నాలుగంతస్తులు థర్మాకోల్, కత్తి దిగే చోట మాత్రం అరకిలో కేకు. లోపలి నుంచి ట్రేలలో బేకరీ ముక్కలు వస్తాయి. ఇంగ్లండ్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాడు పంచదార రేషన్ పెట్టి, 1940లో కేకుల మీద ఐసింగ్ నిషేధిస్తే, పెళ్లిళ్లకు అట్టతో చేసిన కేకు తొడుగులు అద్దెకు తెచ్చుకున్నారు. పాపం, వాళ్లకు పంచదార లేదు. మనకేం తక్కువని థర్మాకోల్? అదే దేశంలో 1947లో, తర్వాత రాణి అయిన ఎలిజబెత్ పెళ్లికి చేసిన కేకు నాలుగంతస్తులు, తొమ్మిది అడుగుల ఎత్తు, 220 కిలోలకు పైనే. అదంతా నిజమైన పండ్ల కేకు, పైన గట్టి ఐసింగ్. చలి దేశంలో అది నిలిచింది. మన ఎండలో, మన క్రీముతో అంత ఎత్తు నిలవదు, అందుకే థర్మాకోల్ అంటారు మా కేకుల పనివాళ్లు. ఎత్తు నిలవకపోతే ఎత్తు చేయకండి. వెడల్పుగా చేయండి. గద్వాల చీర మడత చేయండి, అంచుల జరీ మీద మీ పనితనం చూపించండి. దేవరకొండ కోట చేయండి. తినేది చేయండి. థర్మాకోల్ పెట్టేవాళ్లు ఆ మాట ముందే చెప్పి, ధర తగ్గించి చేస్తే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా చేస్తే మాత్రం అది మోసమే.

మీకు చేయించాలని ఉంటే నెల ముందు మాట్లాడండి, వారం ముందు కాదు. లోపల ఎంత కేకు, ఎంత ఆసరా అని నేరుగా అడగండి. సూటిగా జవాబు రాకపోతే వేరే వాళ్లను చూసుకోండి. ఎండాకాలం పెళ్లయితే క్రీము కేకు జోలికి పోవద్దు, గనాష్ అడగండి. ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్స్ ఇచ్చే రోజే ఏసీ ఎన్నింటికి వేస్తారో రసీదు మీద రాయించుకోండి.