బాక్సు తెరిచే ముందు విమానాన్ని చూడండి

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు బెంగళూరు తెలుగువాళ్లవే, అవీ ఒకే విషయం మీద: ప్లాస్టిక్ కిట్‌తో చేసే జెట్ ఫైటర్ మోడళ్లు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి మన వైమానిక దళం వీడ్కోలు చెప్పింది కదా, అప్పటి నుంచి ఈ ఆసక్తి బాగా పెరిగినట్టుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మిగ్-21 కిట్ కొనివ్వమని ఒకటే గొడవ. 1/72 అంటున్నారు, 1/48 అంటున్నారు, ఏది తీసుకోవాలి? కిట్‌తో పాటు ఇంకేం కొనాలి? – ఒక తండ్రి, మారతహళ్లి

1/72 తీసుకోండి, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు. అసలు మిగ్-21 రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 7 మీటర్ల పైచిలుకు, 1/72లో అది 10 సెంటీమీటర్లు అవుతుంది, 1/48లో 15. చిన్నదైతే తొందరగా పూర్తవుతుంది, మొదటి మోడల్ పూర్తవడమే ముఖ్యం. సగంలో ఆగిపోయిన కిట్ అటక ఎక్కిందంటే మళ్లీ కిందికి దిగడం కష్టం.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. చిన్న నిప్పర్, సన్నటి బ్లేడు కత్తి, 400 నుంచి 2000 నెంబరు వరకు రెండు మూడు రకాల వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు, ప్లాస్టిక్ సిమెంటు. ఎస్పీ రోడ్డులో తిరిగితే నిప్పర్, వాటర్ పేపర్, సన్న డ్రిల్ బిట్లు దొరుకుతాయి. జిగురు విషయంలో మాత్రం రాజీ పడొద్దు, ఫెవిక్విక్‌తో మొత్తం విమానం అతికించేద్దామని అనుకోకండి. ఈ కిట్లు పాలీస్టైరీన్‌తో చేస్తారు, పల్చటి ప్లాస్టిక్ సిమెంటు రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒకే ముక్కగా కలిపేస్తుంది. రెండు ముక్కలు పట్టుకుని సందు దగ్గర బ్రష్ ఆనిస్తే చాలు, ద్రవం తనంతట తనే సందు పొడవునా పాకుతుంది. కిటికీ తెరిచి చేయించండి, ఆ వాసన పీల్చడం మంచిది కాదు.

ఒక్కటి మాత్రం మొదటి రోజే నేర్పించండి. ముక్కని అది అంటుకుని వచ్చే ఫ్రేము నుంచి చేత్తో తిప్పి తెంపకూడదు. ముందు నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించాలి, మిగిలిన మొటిమని రెండోసారి దగ్గరగా, చివర్న వాటర్ పేపర్‌తో నునుపు చేయాలి. ఒకేసారి దగ్గరగా కోస్తే ప్లాస్టిక్ తెల్లగా చిట్లుతుంది, ఆ మచ్చ రంగు వేసినా ఒక్కోసారి గుంటలా కనబడుతుంది. కత్తి పట్టుకున్నప్పుడు పక్కన మీరుండండి.

ఇంకో సంగతి. ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) రెండు సగాలు మూసేముందు ముక్కులో బరువు పెట్టమని ఉందేమో ఇన్‌స్ట్రక్షన్ షీటులో చూడండి. మూడు చక్రాల మీద నిలబడే విమానానికి ముందు బరువు చాలకపోతే తోక మీద కూలబడుతుంది. చేపలు పట్టే గాలానికి కట్టే సీసం గుండ్లు పనికొస్తాయి, మూసేశాక మాత్రం చేయగలిగింది ఏమీ ఉండదు. సీసం ముట్టుకున్నాక అబ్బాయి చేత చేతులు కడిగించండి.

ప్రశ్న: 1/48 మిగ్-21 చేశాను. రెసిన్ సీటు, ఇత్తడి ఫొటో-ఎచ్ షీటు (రేకులో చెక్కిన సన్న భాగాలు), అన్నీ కొని పెట్టాను. ఖర్చు కిట్ ధర దాటింది. అయినా షెల్ఫులో పెడితే బొమ్మలాగే ఉంది. ఎక్కడ తప్పుతోంది? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

మీరు ఫొటో పంపించారు కాబట్టి సూటిగానే చెప్తాను. మీ చేతిపని బాగుంది, సీటు బెల్టులు చాలా బాగా వంచారు. కానీ అది ఏ విమానమో మీరు తేల్చుకోలేదు. మిగ్-21 అంటే ఒక్కటి కాదు. మీ మోడల్ మీద 1971 నాటి ఎఫ్‌ఎల్ అనే రకం గుర్తులు ఉన్నాయి, కానోపీ (పైలట్ మీది అద్దపు మూత) మాత్రం కుడి పక్కకి తెరిచి పెట్టారు. ఎఫ్‌ఎల్ కానోపీ ముందుకి లేస్తుంది, అద్దం మొత్తం ఒకే ముక్కగా. పక్కకి తెరుచుకునేది తర్వాత వచ్చిన ఎం, బిస్ రకాలకి. ముక్కు మీద వేగం కొలవడానికి పెట్టే పొడవాటి పిటో గొట్టం కూడా అంతే, ఎఫ్‌ఎల్‌కి పైన మధ్యలో ఉంటుంది, ఎం, బిస్‌లకి కాస్త కుడికి జరిగి ఉంటుంది. ఎఫ్‌ఎల్ లోపల తుపాకీ లేదు, అందుకే మనవాళ్లు పొట్ట కింద జీపీ-9 గన్ పాడ్ తగిలించేవాళ్లు. ఇక చివరి దాకా ఎగిరిన బైసన్ రకానికి ముందు అద్దం ఫ్రేముల్లేకుండా ఒకే ముక్క. చూసేవాడికి ఈ పేర్లేవీ తెలియకపోయినా ఏదో అతకలేదని కన్ను పట్టేస్తుంది.

కాబట్టి వివరాలు జోడించడం కంటే ముందు ఒక్క విమానాన్ని ఎంచుకోండి. ఒక స్క్వాడ్రన్, ఒక తోక నెంబరు, వీలైతే ఒక సంవత్సరం, దానివి నాలుగైదు ఫొటోలు. అవి బల్ల మీద పెట్టుకునే పని చేయండి. మీరుండేది బెంగళూరులో, ఇది చిన్న అదృష్టం కాదు. పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్ఏఎల్ మ్యూజియం ఉంది, ఆదివారం అక్కడ నిజం జెట్ల పక్కన నిలబడి చూసి రావచ్చు. రెక్క ఎలా ఉందో అందరూ చూస్తారు, మీరు మాత్రం వంగి చక్రాల గూట్లోకి చూడండి. పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయి, మురికి ఎక్కడ చేరింది, రంగు ఎక్కడ అరిగింది. బొమ్మకీ మోడల్‌కీ తేడా ఉన్నది అక్కడే, మీరు డబ్బు పోసిన కాక్‌పిట్‌లో కాదు.

ఎందుకంటే కానోపీ మూసేస్తే కాక్‌పిట్‌లో పావు వంతు కూడా కనబడదు. తెరిచి పెట్టేట్టయితే సీటు వెనక భాగం, భుజాల బెల్టులు, ప్యానెల్ పై అంచు, ఈ మూడింటి మీద శ్రద్ధ పెట్టండి, చాలు. అప్పటి రష్యన్ జెట్ల కాక్‌పిట్ రంగు నీలం-ఆకుపచ్చ కలిసినట్టుంటుంది, సీసాలోంచి తీసింది తీసినట్టు పూస్తే మరీ కొట్టొచ్చినట్టుంటుంది. కాస్త తెలుపు కలిపి పల్చన చేయండి, చిన్న సైజులో ఏ రంగైనా ఒక మెట్టు వెలిసినట్టుంటేనే నిజంగా అనిపిస్తుంది. నలుపుకీ అదే లెక్క, అసలు నలుపు వాడకండి, ముదురు బూడిద చాలు.

ల్యాండింగ్ గేరు దగ్గరికొద్దాం. ఇక్కడ పైసా ఖర్చు లేదు. పాత ఇయర్‌ఫోన్ వైరు చీలిస్తే లోపల వెంట్రుకల్లాంటి రాగి తీగలుంటాయి. వాటిలో రెండు మూడు కలిపి మెలిపెట్టి సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం తెస్తే, 1/48లో అది సెంటీమీటరు మందం గొట్టం అవుతుంది, బ్రేకు పైపుకి సరిపోయే లెక్క. గేరు కాలు వెంబడి పై నుంచి కిందికి తీసుకెళ్లి, రెండు చోట్ల సన్నగా కోసిన టేపు ముక్కతో బిగించినట్టు చుట్టి, చక్రం దగ్గర చిన్న వంపు ఇవ్వండి. ముదురు బూడిద పూయండి, బిగింపు టేపుల మీద మాత్రం వెండి రంగు చుక్క. మూడు కాళ్లకీ ఇలా చేశారంటే మోడల్ తీరే మారిపోతుంది. పిటో గొట్టానికి ప్లాస్టిక్ ముక్క వాడొద్దు, చెయ్యి తగిలితే విరుగుతుంది. లావుపాటి సిరంజి సూదిలో సన్న సూది దూర్చితే అంచెలంచెలుగా సన్నబడే గొట్టం తయారు. మొన అరగదీసి, అన్నీ అయిపోయాక అతికించండి.

ఇక అసలు దోషం, ప్యానెల్ లైన్లు, అంటే రేకుల అతుకుల గీతలు. మీరు ప్రతి గీతలోనూ చిక్కటి నల్ల వాష్ (గీతల్లోకి పారించే రంగు) నింపారు. లెక్క వేసి చూడండి, మోడల్ మీద 0.3 మిల్లీమీటర్ల గీత 1/48లో దాదాపు 14 మిల్లీమీటర్ల సందు అవుతుంది. రేకుల మధ్య అంత సందు పెట్టుకుని ఏ ఫైటరూ ఎగరదు. బూడిద రంగు విమానానికి అంతకంటే రెండు మెట్లు ముదురైన బూడిద-గోధుమ వాష్ చాలు, అదీ అన్ని గీతలకీ సమానంగా వద్దు. మెకానిక్ రోజూ తెరిచే తలుపుల చుట్టూ, రెక్క మొదట్లో, ఎయిర్ బ్రేకుల అంచుల్లో ఎక్కువ, తోక మీద దాదాపు లేనట్టే. ఇప్పుడు మీరు వేసిన వాష్ ఎనామెల్ అయితే, కింద వేసిన మెరుపు పొర (గ్లాస్ కోటు) అక్రిలిక్ అయితే, వైట్ స్పిరిట్‌లో ముంచి పిండిన కాటన్ బడ్‌తో విమానం మీద గాలి పారే దిశలో, ముక్కు నుంచి తోక వైపు తుడవండి. చాలావరకు వచ్చేస్తుంది. మోడల్ పారేయకండి, అందులో మంచి మిగ్ ఉంది.

ప్రశ్న: వర్షాకాలంలో బాల్కనీలో ఎయిర్‌బ్రష్ వేస్తే గ్లాస్ కోటు పాలు పోసినట్టు తెల్లబడింది. దాని మీద అతికించిన డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) చుట్టూ మెరిసే పొర కనబడుతోంది. ఏం చేయాలి? – కేఆర్ పురం

తెల్లబడటం గాలిలో తేమ వల్ల. లక్కర్ థిన్నర్ తొందరగా ఆవిరై ఆ చోటు చల్లబడుతుంది, గాలిలోని తేమ అక్కడే చేరి రంగులో చిక్కుకుంటుంది. వర్షం పడే సాయంత్రాలు వదిలేసి ఎండ వచ్చిన పూట వేయండి, నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ వాడండి, కంప్రెసర్‌కి తేమ పట్టే ట్రాప్ లేకపోతే పెట్టించండి. ఇప్పుడు తెల్లబడ్డ చోట, పొడి రోజున అదే థిన్నర్ పల్చటి మంచులా ఒకసారి స్ప్రే చేస్తే చాలాసార్లు పోతుంది. చెన్నైలో మీ చుట్టాలెవరైనా మోడళ్లు చేస్తుంటే వాళ్లకీ చెప్పండి, సముద్రం పక్కన ఈ బాధ ఇంకా ఎక్కువ. పెయింట్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్ మాత్రం నేరుగా మోడల్ మీద వాడకండి, ప్లాస్టిక్‌నే తినేస్తుంది. బాల్కనీ అయినా సరే ముక్కుకి గుడ్డ మాస్కు సరిపోదు, రసాయన ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి.

డెకాల్ కింద మెరుపు అంటే గాలి ఇరుక్కుందన్నమాట. గరుకు ఉపరితలం మీద అతికిస్తే సన్న గుంటల్లో గాలి మిగిలిపోతుంది, మీ తెల్లబడ్డ కోటు గరుకుగానే ఉండి ఉంటుంది. ఇప్పుడున్న వాటిని సూది మొనతో అక్కడక్కడా పొడిచి సాఫ్టెనర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) రాయండి. అది రాయగానే డెకాల్ నీళ్లు పడ్డ అప్పడంలా ముడుచుకుంటుంది, అప్పుడు కంగారుపడి వేలు పెట్టారో చిరిగిపోతుంది. వదిలేయండి. ఆరుతూ తనే సర్దుకుని ప్యానెల్ లైన్లలోకి దిగుతుంది. కొత్తవి అతికించేటప్పుడు మాత్రం ముందు నున్నటి గ్లాస్ కోటు, బాగా ఆరనిచ్చి డెకాల్స్, తర్వాత వాష్, అన్నిటికంటే చివర్న మ్యాట్ కోటు.

ప్రశ్న: కానోపీ లోపల తెల్లటి పొగలాగా పట్టేసింది. తుడిచినా పోవట్లేదు. – హెబ్బాళ

ఫెవిక్విక్ ఆవిరి అది. అద్దంలా కనబడే ప్లాస్టిక్ ముక్కలకి ఆ జాతి జిగురు వాడనే వాడొద్దు, మామూలు ఫెవికాల్ చాలు, ఆరాక కనబడదు. ఊడదీయగలిగితే 2000 వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్ది, తర్వాత పాలిషింగ్ పేస్టుతో మెరుగు పెట్టండి.

ప్రశ్న: మన బెంగళూరులోనే పుట్టిన మారుత్ జెట్ ఫైటర్ చేయాలని ఉంది. మొదటి మోడల్‌గా పనికొస్తుందా? – ఇంజనీరింగ్ విద్యార్థిని, యలహంక

మొదటిదిగా వద్దమ్మా, రెండు మూడు మిగ్‌లు చేశాక మొదలుపెట్టండి. మిగ్ దొరికినంత సులువుగా దాని కిట్ దొరకదు. రెసిన్‌ది దొరికితే ప్లాస్టిక్ సిమెంటు దానికి పనిచేయదు, సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ కావాలి, రెసిన్ పొడి ఊపిరితిత్తులకి చేటు కాబట్టి తడిపి మాత్రమే రుద్దాలి. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆవరణలో మారుత్ నిలబడి ఉంది. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో హెచ్ఏఎల్ వాళ్లు ఇక్కడే గీసి, ఇక్కడే కట్టి, 1961 జూన్ 17న మొదటిసారి ఎగరేసిన విమానం అది, మొత్తం 147 తయారయ్యాయి. దాని పక్కగా నడుస్తూ నడుము దగ్గర ఒళ్లు ఎలా సన్నబడిందో, వెనక రెండు ఆర్ఫియస్ ఇంజన్లు పక్కపక్కన ఎలా కూర్చున్నాయో ఫొటోలు తీసి పెట్టుకోండి. కిట్‌లో ఆ వంపు తప్పుగా ఉంటే పుట్టీతో సరిచేయడానికి ఆ ఫొటోలే ఆధారం.

ప్రశ్న: హెచ్ఏఎల్‌లో జాగ్వార్ లైన్ మీద పనిచేసి రిటైరయ్యాను. ఆ విమానాన్ని ఒకసారి నా చేత్తో చిన్నగా చేసుకోవాలని ఉంది. చూపు తగ్గింది, చెయ్యి కొద్దిగా వణుకుతుంది. ఈ వయసులో సాధ్యమేనా? – మురుగేశ్‌పాళ్య

తప్పకుండా సాధ్యమేనండీ, పైగా ఈ నెల ఉత్తరాలు రాసినవాళ్లలో రిఫరెన్స్ ఫొటోలు అక్కర్లేనిది మీ ఒక్కరికే. 1/72 జోలికి పోకండి, 1/48 తీసుకోండి. ఎయిర్‌ఫిక్స్, కిట్టీ హాక్ రెండూ ఆ స్కేల్లో జాగ్వార్ చేశాయి. తలకి పెట్టుకునే భూతద్దం, తెల్లటి ఎల్ఈడీ దీపం కొనుక్కోండి. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించి, ముక్కని వేళ్లతో కాకుండా టూత్‌పిక్ కొసకి అంటించిన బ్లూ-ట్యాక్‌తో పట్టుకోండి, వణుకు ముక్క దాకా రాదు. రంగు బ్రష్‌తో వేసినా ఏం ఫర్వాలేదు, పల్చగా కలిపి, ఒక పొర బాగా ఆరాక ఇంకోటి వేయండి.

మన జాగ్వార్ చేసేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. లేజర్ కోసం ఉలిలా చెక్కిన ముక్కు, రెక్కల పైన మిసైల్ తగిలించే పైలాన్లు. బ్రిటిష్ వైమానిక దళం గుర్తులతో వచ్చిన కిట్ అయితే, ఆ పైలాన్లు ఉన్నాయో లేదో కొనేముందే ఫ్రేముల ఫొటో చూసి అడగండి. పైలాన్లని చివర్లోనే అతికించండి, ముందే పెట్టేస్తే వాటి మొదట్లో మాస్కింగ్ టేపు సరిగ్గా కూర్చోక రెక్క మీద క్యామఫ్లాజ్ అంచు పాకిపోతుంది.