“ఏమీ లేదు” అన్న మాట దగ్గర ఆగిపోకు

రాజమండ్రి

చిరంజీవి నాన్నకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. నెలన్నరలో మూడుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళారట. ఈసీజీ, టూడీ ఎకో, రక్తపరీక్షలు అన్నీ నార్మల్ వచ్చాయట. చివరిసారి డ్యూటీ డాక్టరు “ఏమీ లేదు, గ్యాస్, టెన్షన్ తగ్గించుకోండి” అని పంపించేశాడట. అప్పటి నుంచి నువ్వు మెట్రో మానేసి క్యాబ్‌లో ఆఫీసుకి వెళ్తున్నావనీ, నిమిషానికోసారి చేతి వాచీలో పల్స్ చూసుకుంటున్నావనీ చెప్పి మీ అమ్మ ఏడ్చింది.

ఏమీ లేదంటే నీ గుండెలో ఏమీ లేదని అర్థం, నాన్నా. నీకు ఏమీ లేదని కాదు. ఈ తేడా తెలియడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. నీకు ఆరు వారాలు కూడా పట్టకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1991లో మేము కొవ్వూరులో ఉండేవాళ్ళం. నేను రోజూ బస్సులో గోదావరి వంతెన దాటి రాజమండ్రిలో ఎయిడెడ్ స్కూలుకి వెళ్ళి సైన్సు చెప్పేదాన్ని. పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన అది, రోడ్డు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఒకరోజు ముందు ఏదో లారీ ఆగిపోయి మా బస్సు వంతెన మధ్యలో నిలిచిపోయింది. కింద వరద నీరు. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. వేళ్ళు తిమ్మిర్లెక్కాయి, ఒళ్ళంతా చెమట, పక్కనున్నవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ఇక ప్రాణం పోతోందనే అనుకున్నాను. పావుగంటలో అంతా తగ్గిపోయింది. కానీ తగ్గిపోయిందన్న సంగతి కాదు, ఆ పావుగంటే గుర్తుండిపోయింది.

మళ్ళీ వస్తుందేమోనని భయం పట్టుకుంది. అసలు జబ్బు అదే. జీవితంలో ఒకటి రెండుసార్లు ఇలాంటి దాడి చాలామందికి వస్తుంది, పోతుంది. కారణమేమీ లేకుండా మళ్ళీ మళ్ళీ వస్తూ, తర్వాతిది ఎప్పుడొస్తుందోనని నెలకు పైగా మనిషి కుంగిపోతూ, వెళ్ళే చోట్లు, చేసే పనులు మార్చుకుంటుంటే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. నీది అదో కాదో డాక్టరు తేల్చాలి. కానీ మీ అమ్మ చెప్పిన ప్రతి మాటా నాకు బాగా తెలిసిన దారిలాగే ఉంది.

నేనేం చేశానో విను. ఒకాయన నరాల బలహీనత అని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిచాడు. ఇంకొకాయన నిద్రమాత్ర రాసిచ్చాడు. మా అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టారు. నేను మాత్రం వంతెన ఎక్కడం మానేశాను. ఉద్యోగం వదిలేసి కొవ్వూరులోనే ఒక చిన్న స్కూల్లో సగం జీతానికి చేరాను. పుట్టిల్లు రాజమండ్రిలోనే అయినా పండక్కి కూడా వెళ్ళలేదు. 1995లో నీ బారసాలకి నేను రాలేదు. జ్వరమని మీ అమ్మకి కబురు పంపాను. అది అబద్ధం, నాన్నా. చీర కట్టుకుని, వెండి గిన్నె సంచిలో పెట్టుకుని బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. ముప్పై ఏళ్ళలో మీ అమ్మకి ఈ సంగతి నిన్ననే చెప్పాను.

1997లో మీ పెదనాన్న నన్ను విజయవాడలో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళారు. విజయవాడే ఎందుకంటే అటు వెళ్ళడానికి గోదావరి దాటక్కర్లేదు. నన్ను “పిచ్చి డాక్టరు” దగ్గరికి తెచ్చారని దారంతా ఏడ్చాను. ఆయన గంటసేపు విని, నా జబ్బుకి ఒక పేరుందని, మందుందని, తగ్గుతుందని చెప్పాడు. ఆ పూట ఆకలేసి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను.

ఒంట్లో ఏం జరుగుతుందో టీచర్ని కాబట్టి నా పద్ధతిలో చెప్తాను. స్కూల్లో అటెండరు పొరపాటున లాంగ్ బెల్ కొట్టాడనుకో. పిల్లలంతా సంచులు తీసుకుని బయటికి పరిగెడతారు. బెల్ తప్పే, కానీ పరుగు నిజం. మెదడు ప్రమాదమని తప్పు బెల్ కొడితే అడ్రినలిన్ వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గబగబా తీస్తాం. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళ తిమ్మిర్లు, కళ్ళు తిరగడం చాలావరకు దానివల్లే. కాబట్టి నీ దడ నాటకం కాదు, ఊహ కాదు. సాధారణంగా పది నిమిషాల్లోపే పతాక స్థాయికి వెళ్ళి, ఆ తర్వాత దానంతటదే దిగిపోతుంది.

అది వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకు. “ఇది తప్పు బెల్” అని మనసులో అనుకుని, ఉన్నచోటే ఉండు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదులు. బండి నడుపుతుంటే మాత్రం పక్కకు తీసి ఆపు. ప్లాస్టిక్ సంచి మూతికి పెట్టుకుని ఊపిరి పీల్చమని ఎవరైనా చెప్తే వినకు, అది ప్రమాదం. జేబులో సార్బిట్రేట్ మాత్ర పెట్టుకు తిరుగుతున్నావట. అది గుండె జబ్బుకి ఇచ్చే మందు. డాక్టరు చెప్పకుండా వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, నువ్వు ఇంకా హడలిపోతావు. ఈ రోజే తీసెయ్యి.

ఇప్పుడు డాక్టరు సంగతి. గుండె పరీక్షలు అయ్యాయి, మంచిదే. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడకపోతే అవీ ఒకసారి చూపించుకో, థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ఆ తర్వాత అవే పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించకు. కొత్తగా స్పృహ తప్పినా, మెట్లెక్కితే ఛాతీ నొప్పి వచ్చినా అది వేరే లెక్క, వెంటనే చూపించుకోవాలి. ఈ జబ్బుకి నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే జనం నవ్వుతారు, కానీ అక్కడి ఓపీకి రోజూ నీలాంటి ఉద్యోగస్థులే ఎంతోమంది వెళ్తారు. ప్రైవేటుకైనా వెళ్ళు, నీ ఇష్టం. అపాయింట్‌మెంట్ దొరికేలోగా మాట్లాడాలనిపిస్తే టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకి చెయ్యి, నాకూ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

మందు రాస్తే భయపడకు. ఎక్కువగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. మొదటి వారం పది రోజులు దడ కాస్త పెరిగినట్టు అనిపించొచ్చు. చాలామంది అక్కడే మానేసి “మందు పడలేదు” అంటారు. ఇబ్బందిగా ఉంటే డాక్టరుకి ఫోన్ చెయ్యి గానీ నీ అంతట నువ్వు ఆపెయ్యకు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, తగ్గాక కూడా చాలా నెలలు వాడాలి. ఆందోళన వెంటనే తగ్గించే అల్ప్రాజోలామ్ మాత్ర వేరు. వేసుకున్న అరగంటలో హాయిగా ఉంటుంది, అందుకే అలవాటైపోతుంది. నాకు నిద్రమాత్ర అలాగే అలవాటై, మానడానికి ఏడాది పట్టింది. డాక్టరు కొద్ది రోజులకి రాస్తే ఆ కొద్ది రోజులే. మెడికల్ షాపువాడు తెలిసినవాడని తెచ్చుకోవద్దు. పెగ్గు వేసుకుంటే నిద్ర పడుతోందన్నావట, తెల్లారాక దడ రెట్టింపవుతుంది. కాఫీ కూడా కొన్నాళ్ళు తగ్గించు.

మందుతో పాటు సీబీటీ అనే మాటల వైద్యం చేసే సైకాలజిస్టుని అడుగు. నన్ను నిజంగా నిలబెట్టింది అదే. మా డాక్టరు మొదట నన్ను గదిలోనే గిరగిరా తిరగమన్నాడు, మెట్లు పరిగెత్తి ఎక్కమన్నాడు. దడ వచ్చినంత మాత్రాన చావు రాదని ఒంటికి తెలియాలట. ఆ తర్వాత వంతెన. మొదటి వారం మీ పెదనాన్న స్కూటర్ మీద వంతెన మొదటి దాకా వెళ్ళి, కింద చాపలు అల్లేవాళ్ళని చూస్తూ నిలబడ్డాం. భయానికి పదికి ఎన్ని మార్కులో నోటుబుక్కులో రాయాలి. తొమ్మిది వేశాను. నాలుగుకి దిగేదాకా అక్కడి నుంచి కదలకూడదని షరతు. తర్వాత రెండు స్తంభాల దూరం, తర్వాత పది. మధ్యలో రెండుసార్లు వెనక్కి వచ్చేశాను, మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మూడో నెలలో ఒక్కదాన్నే బస్సెక్కి రాజమండ్రి వచ్చి మీ ఇంటి తలుపు తట్టాను. నీకప్పుడు రెండేళ్ళు. కొత్త మనిషినని నన్ను చూసి మంచం కిందకి దూరావు.

కోడలు పిల్లకి నా మాటగా చెప్పు. “ధైర్యం తెచ్చుకో” అనొద్దు, కంగారుగా కారు తీయొద్దు. పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే చాలు. మీ అమ్మ తాయెత్తు పంపిస్తే కట్టుకో, ఆవిడ మనసు కుదుటపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం దానికోసం ఆపకు.

శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకో. శుక్రవారం రాత్రి నేను గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరతాను. డాక్టరు సరేనంటే ఆ సాయంత్రం మనిద్దరం మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం వెళ్దాం. నీకు దిగిపోవాలనిపిస్తే దిగి బెంచీ మీద కూర్చుందాం. మార్కులు నాలుగుకి వచ్చాక తర్వాతి బండి ఎక్కుదాం. నోటుబుక్కు నేను తెస్తాను.

మీ పెద్దమ్మ