అరోనియా పళ్లు పారేయకండి, ఆ వగరు వాటి గుణమే

"బ్లూబెర్రీలనుకుని కొన్నామండీ, నోట్లో వేసుకుంటే నాలుక పిడచకట్టుకుపోయింది, పాడైపోయాయేమో, పారేయమంటారా?" అని ఈమధ్యే విదేశానికి కొత్తగా వచ్చిన ఒక జంట అడిగారు. పారేయకండి. అవి అరోనియా పళ్లు, వాటి రుచే అంత. నేనూ మొదటిసారి గుప్పెడు నోట్లో వేసుకుని, పచ్చివేమో అనుకుని డబ్బా మొత్తం చెత్తబుట్టలో వేశాను. చక్కగా పండిన పళ్లవి, ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ప్యాకెట్ మీద అరోనియా అనో చోక్‌బెర్రీ అనో ఉంటుంది, జర్మనీలో అయితే ఆప్ఫెల్‌బేరె అంటారు. మొక్క పుట్టింది ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల్లో, కానీ ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పండిస్తున్నది పోలండ్. ఇంగ్లీషులో ఈ పండు గురించి 'టార్ట్' అని రాస్తే పులుపనుకుంటాం, నిజానికి పులుపు కొంచెమే, అసలు సంగతి వగరు. ఇంగ్లీషు వాళ్ల రోజువారీ మాటల్లో దీనికి సరైన పదం లేదు, మనకుంది. కొరకగానే ముందు కాస్త తీపి తగులుతుంది, ఆ వెంటనే పులుపు, ఇంకో రెండు క్షణాలకి చిగుళ్లూ బుగ్గల లోపలా తడంతా ఎవరో తుడిచేసినట్టు గరుగ్గా అయిపోతుంది. పండులో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది. బాగా మరిగిపోయిన డికాక్షన్ ఉత్తగా తాగితే జరిగేదీ అదే.

అందుకే దీన్ని పండులా తినకండి, వంటలో వేసుకునే సరుకులా చూడండి. ముందు కడిగి, తుడిచి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టి కరిగాక వగరు పూర్తిగా పోదు గానీ బాగానే దిగుతుంది. ఆ తర్వాత ఒక గ్లాసు పెరుగు, పండిన అరటిపండు, గుప్పెడు అరోనియా కలిపి మిక్సీ పట్టండి. ఇక్కడ పెరుగు వట్టి రుచి కోసం కాదు, టానిన్లు ముందే పెరుగులోని ప్రోటీన్లకి అంటుకుపోతాయి, మన నోటిదాకా వచ్చేది తక్కువ. టీలో పాలు పోస్తే వగరు తగ్గేది కూడా ఇందుకే. నా అభిప్రాయంలో ఈ పండు బాగా కుదిరేది జామ్‌లోనే. సగం అరోనియా, సగం ఆపిల్ ముక్కలు, తగినంత చక్కెర వేసి చిన్న మంట మీద ఉడికించండి, రెండింటిలోనూ పెక్టిన్ ఉంది కాబట్టి విడిగా కొనక్కర్లేకుండానే గట్టిపడుతుంది. చివర్లో నిమ్మరసం పిండితే ముదురు ఊదా రంగు మీ కళ్లముందే ఎర్రగా తేలుతుంది. కేకులో వేస్తే మాత్రం బేకింగ్ సోడా తగిలిన చోటల్లా నీలంగానో ఆకుపచ్చగానో మారుతుంది, బూజనుకుని టెన్షన్ పడకండి. రసం బట్టల మీద పడితే మరక ఒక పట్టాన వదలదు.

ఇక ఆరోగ్యం సంగతి. యాంటీఆక్సిడెంట్లు బాగా ఉన్న మాట నిజమే, అంతమాత్రాన ఈ జ్యూస్ తాగుతున్నాం కదా అని బీపీ, షుగర్ మాత్రలు మానేయొద్దు, దయచేసి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు రోజూ తాగేముందు డాక్టర్‌ని అడగండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ టైముకి దీన్ని దూరంగా పెట్టండి, టానిన్లు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. పండులో సార్బిటాల్ అనే తీపి పదార్థం కూడా ఉంది, ఒకేసారి పెద్ద గ్లాసుడు తాగితే కడుపు కదులుతుంది, చిన్న కప్పుతో మొదలుపెట్టండి.

ఒక్క జాగ్రత్త. పార్కులోనో దారి పక్కనో గుత్తులుగా నల్లటి పళ్లు కనిపిస్తే అరోనియా అనుకుని పిల్లలకి పెట్టకండి. చోక్‌చెర్రీ అని పేరు దగ్గరగా ఉండే ఇంకో మొక్క ఉంది, దాని ఆకుల్లో, గింజల్లో సైనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది. పండు కోసి చూస్తే మధ్యలో ఒకటే గట్టి టెంక ఉంటే అది చోక్‌చెర్రీ. అరోనియాలో ఆపిల్‌లో ఉన్నట్టే చిన్న చిన్న గింజలు కొన్ని ఉంటాయి, అరోనియా, ఆపిల్ దగ్గరి చుట్టాలు మరి. అయినా నల్లగా కనిపించే విషపు పళ్లు వేరేవి కూడా ఉన్నాయి, కాబట్టి మొక్క బాగా తెలిసినవాళ్లు పక్కన లేకపోతే కోయకండి, కొన్న ప్యాకెట్‌తోనే జామ్ చేసుకోండి.