పాత లైనక్స్‌లో పనిచేసిన గ్రాఫిక్స్ కార్డు కొత్తదానిలో ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: మా ఇంటి డెస్క్‌టాప్‌లో ఐదేళ్లుగా ఉబుంటు అనే లైనక్స్ రకం వాడాను. గత నెలలో డిస్కు మొత్తం ఫార్మాట్ చేసి ఫెడోరా అనే ఇంకో లైనక్స్ రకం (డిస్ట్రో) వేసుకున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-9400ఎఫ్, గ్రాఫిక్స్ కార్డు ఎన్విడియా జీటీఎక్స్ 1650. ఆర్‌పీఎం ఫ్యూజన్ (ఫెడోరాకు అదనపు సాఫ్ట్‌వేర్ ఇచ్చే బయటి భండారం) నుండి ఎన్విడియా డ్రైవరు ఎక్కించి రీస్టార్ట్ చేసినప్పటి నుండి విండోలు ఈడ్చుకుంటూ కదులుతున్నాయి, వీడియో పెడితే ఫ్యాన్ హోరెత్తుతోంది, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ తెరవడమే గగనమైంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్నచోట ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అని కనిపిస్తోంది. కార్డు పాడైందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కార్డు పాడైన లక్షణాలు ఇవి కావు, కాబట్టి కొత్త కార్డు కొనే ఆలోచన పెట్టుకోకండి. మీరు గమనించి రాసిన ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అన్న పేరే అసలు సంగతి చెబుతోంది. గ్రాఫిక్స్ కార్డు అందుబాటులో లేనప్పుడు తెరమీద బొమ్మ గీసే పనిని ప్రాసెసర్‌తోనే చేయించే సాఫ్ట్‌వేర్ అది. మీ ప్రాసెసర్ పేరు చివర ఉన్న ‘ఎఫ్’ అక్షరానికి అందులో సొంత గ్రాఫిక్స్ లేవని అర్థం, కనుక ఎన్విడియా కార్డు పలకకపోతే ఆదుకునేందుకు ఇంకొకటి లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడి ఫ్యాన్ హోరెత్తుతుంది. ఎన్విడియా డ్రైవరు ఎక్కించినప్పుడు అంతవరకు పనిచేస్తున్న నూవో అనే స్వేచ్ఛా డ్రైవరును ఆ ప్యాకేజీయే పక్కన పెడుతుంది. పాతది తప్పుకుంది, కొత్తది కెర్నెల్‌లోకి (లైనక్స్‌కు గుండెకాయ లాంటి భాగంలోకి) అడుగు పెట్టలేకపోయింది, మీ కంప్యూటరు ఆ రెండింటి మధ్య ఆగిపోయింది.

అడుగు పెట్టలేకపోవడానికి నాకు తోచే బలమైన కారణం సెక్యూర్ బూట్ అనే మదర్‌బోర్డు భద్రతా ఏర్పాటు. అది ఆన్‌లో ఉన్నప్పుడు, తాను నమ్మే తాళంచెవితో సంతకం చేయని ఏ మాడ్యూలునూ (డ్రైవరులో కెర్నెల్‌లోకి చేరే భాగాన్ని) కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఉబుంటులో మీకు ఈ ఇబ్బంది తెలియకపోవడానికి కారణం ఉంది: అక్కడ ఎన్విడియా మాడ్యూళ్లను చాలావరకు ఉబుంటును తయారుచేసే కానానికల్ సంస్థే ముందుగా తయారుచేసి తన సంతకంతో పంపుతుంది, ఆ సంతకాన్ని ఉబుంటు కెర్నెల్ గుర్తుపడుతుంది. ఫెడోరా తన సొంత భండారంలో ఈ డ్రైవరును ఉంచదు, ఆర్‌పీఎం ఫ్యూజన్ ఇచ్చే ‘ఏక్‌మాడ్’ ప్యాకేజీ మాడ్యూలును మీ కంప్యూటరులోనే, మీ కెర్నెల్‌కు తగ్గట్టు తయారుచేసి, మీ కంప్యూటరులోనే పుట్టిన తాళంచెవితో సంతకం చేస్తుంది. ఆ తాళంచెవి సంగతి మదర్‌బోర్డుకు ఎవరూ చెప్పలేదు కనుక ఆ సంతకం చెల్లదు. దీన్ని ఫెడోరా లోపం అనడం నాకు న్యాయంగా తోచదు, కానీ ఈ మాట కొత్తవారికి ముందే గట్టిగా చెప్పి ఉండవలసిందని మాత్రం అంటాను.

ముందు నిర్ధారించుకుందాం. టెర్మినల్‌లో ‘మోక్‌యూటిల్’ అని, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలతో ‘ఎస్‌బీ-స్టేట్’ అని (ఇంగ్లిషు చిన్న అక్షరాలలో) కొట్టండి. సెక్యూర్ బూట్ ఎనేబుల్ అయి ఉందని వస్తే మన అనుమానం బలపడినట్లే. తరువాత ‘మాడ్ఇన్ఫో ఎన్విడియా’ అని అడగండి. మాడ్యూలు వివరాలు వరుసగా వస్తే అది తయారై ఉంది, సంతకం దగ్గరే ఆగింది. దొరకలేదని వస్తే అసలు తయారే కాలేదు. రెండోది జరిగి ఉంటే డ్రైవరు ఎక్కిన వెంటనే మీరు రీస్టార్ట్ చేసి ఉంటారు, లేదా పాత కెర్నెల్‌తో నడుస్తూ కొత్త కెర్నెల్‌కు చెందిన డెవెల్ ప్యాకేజీ (మాడ్యూలు తయారీకి కావలసిన ఫైళ్లు) తెచ్చుకుని ఉంటారు. సిస్టమ్ మొత్తాన్ని అప్‌డేట్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, రూట్ (నిర్వాహకుడి) అధికారంతో ‘ఏక్‌మాడ్స్’ ఆదేశాన్ని ‘ఫోర్స్’ అన్న ఐచ్ఛికంతో నడిపి, అది ముగిసేదాకా ఓపిక పట్టండి. ఐదు నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇక తాళంచెవిని నమోదు చేయాలి. ‘ఈటీసీ’లోని ‘పీకేఐ’, దానిలోని ‘ఏక్‌మాడ్స్’, దానిలోని ‘సర్ట్స్’ ఫోల్డరులో ‘డీఈఆర్’ తోకతో పబ్లిక్ కీ ఫైలు ఉంటుంది. మోక్‌యూటిల్‌ను రూట్ అధికారంతో ‘ఇంపోర్ట్’ ఐచ్ఛికంతో నడుపుతూ ఆ ఫైలును చూపిస్తే ఒక పాస్‌వర్డు పెట్టమంటుంది. ఒక్కసారి వాడేదే కనుక చిన్న అక్షరాలు, అంకెలతో సులువైనది పెట్టుకోండి, ఎందుకంటే తరువాత వచ్చే తెర మీ కీబోర్డు అమరికను పట్టించుకోదు. రీస్టార్ట్ చేయగానే నీలిరంగు తెర వచ్చి ఏదో ఒక మీట నొక్కమని పది సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. మొదటిసారి నేను టీ కప్పు కోసం లేచి ఆ పది సెకన్లు పోగొట్టుకుని, పని మళ్లీ మొదటి నుండి చేసుకున్నాను, అందుకే కుర్చీలోంచి కదలవద్దని చెబుతున్నాను. మీట నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని, పాస్‌వర్డు కొట్టి రీబూట్ చేయండి. ఇకపై ప్రతి కొత్త కెర్నెల్‌కూ అదే తాళంచెవితో సంతకం జరుగుతుంది, మళ్లీ నమోదు అక్కరలేదు. కానీ రేపు మీరు ఇంకో డిస్ట్రోకు మారి డిస్కు ఫార్మాట్ చేస్తే ఆ రహస్య తాళంచెవి డిస్కుతోపాటే పోతుంది, అప్పుడు కొత్త తాళంచెవికి కొత్త నమోదు తప్పదు.

సెక్యూర్ బూట్‌నే ఆపేస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తారు. పని జరుగుతుంది, నిజమే. అదే కంప్యూటరులో బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) ఉన్న విండోస్ కూడా ఉంటే మాత్రం ఆపగానే అది రికవరీ కీ అడగవచ్చు, ఆ అంకెలు చేతిలో లేకుండా అటు పోకండి. ఎన్విడియా సైటు నుండి ‘రన్’ ఫైలు తెచ్చి ఎక్కించమనే సలహాను మాత్రం నేను ఒప్పుకోను. ప్యాకేజీ మేనేజరుకు తెలియకుండా ఫైళ్లు పరుచుకుంటాయి, కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజు మళ్లీ నల్లతెర చూడవలసి వస్తుంది.

అన్నీ అయ్యాక బ్లెండర్‌లో సైకిల్స్ రెండరింగ్‌కు (తుది బొమ్మ తయారుచేసే పనికి) మీ కార్డు కనిపించకపోతే కంగారు పడకండి. ఆర్‌పీఎం ఫ్యూజన్‌లో క్యూడా (కార్డుతో లెక్కలు చేయించే) భాగం విడి ప్యాకేజీగా ఉంటుంది, దాన్నీ ఎక్కించండి.

ప్రశ్న: పాత జీటీ 710 కార్డుకు కొత్త డిస్ట్రోలో తాజా ఎన్విడియా డ్రైవరు వేశాను. ఎక్కింది కానీ కార్డును గుర్తించడం లేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీది కెప్లర్ తరం కార్డు. ఆ తరానికి చివరి డ్రైవరు వరుస 470, ఆ తరువాతి డ్రైవర్లు దాన్ని పట్టించుకోవు. కెర్నెల్ సందేశాలు చూపే ‘డీమెస్గ్’ ఆదేశంలో ఎన్‌వీఆర్‌ఎం అని మొదలయ్యే వరుసలు చూస్తే 470 లెగసీ డ్రైవరు కావాలని అదే చెబుతుంది. ఆ వరుసకు భద్రతా సవరణలు 2024తో ఆగిపోయాయి. ఉత్తరాలు, బ్రౌజింగ్, వీడియోలు మీ అవసరమైతే ఎన్విడియా డ్రైవరును పూర్తిగా తీసివేసి నూవోతోనే ఉండండి. నా చేతిలో ఆ కార్డు ఉంటే నేనూ అదే చేస్తాను.