అమెరికాలో నడిపే ట్రక్కు ఎయిర్ సస్పెన్షన్ గేజ్‌లో 60 చూపిస్తే డ్రైవ్స్ (ఇంజిన్ తిప్పే వెనక ఆక్సిల్స్) మీద ఎంత బరువున్నట్టు? దాంతో క్యాట్ స్కేల్ (డబ్బు తీసుకుని ట్రక్కులు తూచే కాటా) ఖర్చు మిగులుతుందా? విజయవాడలో మా నాన్నగారి లారీలకీ పనికొస్తుందా?

60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంటే ఇన్ని పౌండ్ల బరువు అని బయటివాళ్ళెవరూ చెప్పలేరండి. మీ డ్యాష్‌లో ముల్లు చూపించేది బరువు కాదు, డ్రైవ్ ఆక్సిల్స్ మీదున్న ఎయిర్ బ్యాగుల్లో గాలి ఒత్తిడి. లోడ్ పడి ఫ్రేమ్ కిందికి దిగగానే లెవెలింగ్ వాల్వ్ ఇంకాస్త గాలి పంపి పాత ఎత్తుకు తెస్తుంది. అందుకే బరువుతో పాటు ఒత్తిడీ పెరుగుతుంది. ఎంత బరువుకి ఎంత ఒత్తిడి అన్నది బ్యాగుల సైజును, సస్పెన్షన్‌ను బట్టి బండి బండికీ మారుతుంది. పక్క ట్రక్కాయన లెక్క మీకు పనికిరాదు.

మీ లెక్క మీరే కట్టుకోవాలి. ఖాళీ ట్రెయిలర్‌తో ఒకసారి, నిండు లోడ్‌తో ఒకసారి క్యాట్ స్కేల్ ఎక్కండి. అప్పుడు గేజ్ ఎంత చూపిస్తోందో, ట్యాంకుల్లో డీజిల్ ఎంతుందో ఆ కాటా చీటీ మీదే రాసుకోండి. నా బండికి ఖాళీగా 18 దగ్గర డ్రైవ్స్ 14,800 పౌండ్లు, లోడ్‌తో 58 దగ్గర 33,600. తేడా 18,800ని 40తో భాగిస్తే పీఎస్ఐకి 470 పౌండ్లు. టాండెమ్‌కి (జంట ఆక్సిల్స్‌కి) ఫెడరల్ పరిమితి 34,000 పౌండ్లు కాబట్టి నా ముల్లు 58 దాటకూడదు. డీజిల్ గ్యాలన్‌కి సుమారు 7 పౌండ్లు. వంద గ్యాలన్లు నింపితే 700 పౌండ్లు స్టీర్‌కీ (ముందు ఆక్సిల్‌కీ) డ్రైవ్స్‌కీ పంచుకుపోతాయి, ఇది చాలామంది లెక్కలో వేసుకోరు.

ఇందులో తిరకాసు ఏమిటంటే, చిన్న డయల్ గేజ్‌లో రెండు పీఎస్ఐ తేడా కంటికి ఆనదు. నా బండిలో ఆ రెండే 940 పౌండ్లు! డిజిటల్ గేజ్‌కి పెట్టే డబ్బు దండగ కాదని నేననేది అందుకే. లెవెలింగ్ వాల్వులు రెండున్న బండైతే గేజ్ గొట్టం ఏ పక్కకి తగిలించారో చూడండి. సరుకు ఒక పక్కకి ఒరిగితే, గేజ్ ఉన్న పక్క లెక్కే కనబడుతుంది.

చూసే పద్ధతి కూడా ముఖ్యం. నేల చదునుగా ఉండాలి, ట్యాంకుల్లో గాలి నిండాలి. పార్కింగ్ బ్రేక్ వేసి ఉంటే చక్రాలు బిగుసుకుని సస్పెన్షన్ స్వేచ్ఛగా కదలదు. బ్రేక్ తీసి, కాస్త ముందుకి దొర్లించి, మెల్లగా ఆగి, ముల్లు నిలిచాక చూడండి. సీట్లోంచి మాత్రం దిగకండి. డాక్‌లో ఫోర్క్‌లిఫ్ట్ తిరుగుతుండగా కనబడే అంకె ఒక అంచనాకే, అప్పుడు బ్రేక్ ముట్టుకోనే కూడదు.

ఈ గేజ్ డ్రైవ్స్‌కే. ట్రెయిలర్‌కి ఎయిర్ రైడ్ (ఎయిర్ బ్యాగుల సస్పెన్షన్) ఉంటే దానికి వేరే గేజ్ పెట్టించుకోవచ్చు. స్ప్రింగుల ట్రెయిలర్ అయితే తీసివేతే గతి: ఖాళీ బండి 33,500, బిల్లులో సరుకు 43,000, మొత్తం 76,500. స్టీర్ 12,000, గేజ్ లెక్కన డ్రైవ్స్ 33,000 పోతే ట్రెయిలర్ టాండెమ్స్ మీద 31,500. బిల్లులో ప్యాలెట్ల బరువు కలిపారో లేదో అడగండి, కొన్నిచోట్ల కలపరు.

డ్రైవ్స్ మీద ఎక్కువైతే ట్రెయిలర్ టాండెమ్స్‌ని ముందుకి జరపాలి, ట్రెయిలర్ మీద ఎక్కువైతే వెనక్కి. టాండెమ్స్‌ని జరిపి బిగించే రంధ్రాల మధ్య ఆరంగుళాలుంటే ఒక్కో రంధ్రానికి దాదాపు 400 పౌండ్లు, నాలుగంగుళాలైతే 250 దాకా మారుతుంది. కాలిఫోర్నియాలో కింగ్‌పిన్ (ట్రెయిలర్‌ని ట్రక్కుకి తగిలించే పిన్ను) నుంచి వెనకాల చివరి ఆక్సిల్ మధ్యకి 40 అడుగులు మించకూడదు, కాబట్టి అక్కడ వెనక్కి జరపడానికి హద్దుంది.

క్యాట్ స్కేల్ డబ్బు మిగులుతుందా అన్నారు. కొంత మిగులుతుంది. కాలిఫోర్నియాలోనే ఫ్రెస్నో చుట్టుపక్కల పొలాల మధ్య ప్యాకింగ్ షెడ్లలో ద్రాక్షపళ్ళు ఎక్కించుకుంటే దగ్గర్లో కాటా ఉండదు. లోడ్ అక్కడే సర్దించుకోవాలో, అలాగే బయల్దేరొచ్చో గేజ్ చెబుతుంది. అంతవరకే నాకు దానితో పని. వే స్టేషన్‌లో (ప్రభుత్వం బండ్లు తూచి తనిఖీ చేసేచోట) అధికారి మీ గేజ్ చూడడు. క్యాట్ వాళ్ళయితే, వాళ్ళ కాటా మీద సరిపోయి తర్వాత జరిమానా పడితే తామే కడతామని, లేదా కోర్టుకొచ్చి సాక్ష్యం చెబుతామని పూచీ ఇస్తారు. బండి మొత్తం బరువు పరిమితి 80,000 పౌండ్లకి దగ్గరగా ఉన్న లోడ్‌కి, డ్రైవ్స్ 33,000 దాటిన లోడ్‌కి నేను తప్పకుండా కాటా వేయిస్తాను.

ఇక విజయవాడ ఆటోనగర్‌లో మీ నాన్నగారి లారీల సంగతి. అక్కడ ఎక్కువ బండ్లకి కమాన్ కట్టలే (ఉక్కు పట్టీల స్ప్రింగులే), ఎయిర్ బ్యాగులుండవు. ఈ గేజ్ వాటికి తగిలించడానికి చోటే లేదు. కమాన్ ఎంత వంగిందో కొలిచే సెన్సర్లు వేరే ఉన్నాయి. ధర కనుక్కునేటప్పుడు, అమ్మేవాళ్ళు కాటా మీద రెండు లోడ్లతో సరిచూసి ఇస్తారో లేదో ముందు అడగమనండి. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత మన దగ్గర ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000 జరిమానా ఉంది కాబట్టి ఆయనకి ఆ ఖర్చు గిట్టొచ్చు.